అరికాలి వంపు, పిక్క లోతు



నలభై యాభై ఏళ్లు దాటినవారిలో, మగవారికన్నా ఆడవారిలో ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఒకటుంది. లోపలి చీలమండ వెనకా కిందా కాస్త వాపు వస్తుంది. నాలుగడుగులు ఎక్కువ వేసిన రోజు సాయంత్రానికి సలుపు మొదలవుతుంది. ఎప్పుడో కాలు మడతపడి బెణికి ఉంటుందనుకుని కాపడం పెడతారు, ఏదో ఒక ఆయింట్‌మెంట్ రాస్తారు. కొన్ని నెలలకు అదే పాదం వంపు కుంగుతుంది, మడమ బయటి పక్కకు వాలుతుంది, చెప్పు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. వెనక నిలబడి చూస్తే మంచి కాలికి చిటికెనవేలూ దాని పక్కదీ మాత్రమే కనబడే చోట, ఈ కాలికి మూడు నాలుగు వేళ్లు కనబడతాయి. అప్పుడు అందరి చూపూ అరికాలి మీద పడుతుంది. ఎముకలు అరిగాయంటారు, ఒళ్లు పెరిగిందంటారు, చెప్పులో మెత్త వేయమంటారు. ఈ మాటల్లో కొంత నిజం లేకపోలేదు. కానీ పెద్దవయసులో కొత్తగా చదునైన పాదానికి కారణం చాలాసార్లు పిక్క లోతులో పుట్టి అరికాలిలో ముగిసే ఒక కండరంలో ఉంటుందని, దాన్ని పరీక్షించకుండా పాదాన్ని ఎంత చూసినా సంగతి సగమే తెలుస్తుందని ఇవాళ నా వాదన.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పుకుందాం. మోకాలి కింద కాలి వెనక భాగంలో కండరాలు రెండు పొరలుగా ఉంటాయి. చేత్తో పట్టుకుంటే దొరికేది పై పొర. అందులో గాస్ట్రోక్నీమియస్, దాని కింద సోలియస్ అనే రెండు పెద్ద కండరాలున్నాయి. రెండూ కలిసి అకిలిస్ టెండన్‌గా మారి మడమ ఎముకను పట్టుకుంటాయి. కండరాన్ని ఎముకకు కట్టే తెల్లటి గట్టి తాడు టెండన్, ఎముకను ఎముకకు కట్టేది లిగమెంట్. ఈ రెండు మాటలూ ఇవాళ మళ్లీ మళ్లీ వస్తాయి. సోలియస్ కింద ఒక పలచని గట్టి పొర అడ్డంగా ఉంటుంది. దాని అవతల నాలుగు కండరాలున్నాయి. మొదటిది పొట్టిది, మోకాలి వెనకే ఉంటుంది, పేరు పాప్లిటియస్. నిటారుగా నిలబడినప్పుడు మోకాలు కాస్త మెలితిరిగి బిగుసుకుంటుంది; ఆ బిగువు విప్పి మోకాలు మడవడానికి వీలిచ్చేది ఇదే. దాని పని అంతటితో సరి, మన విషయంలోకి మళ్లీ రాదు. మిగిలిన మూడూ పొడవైనవి. నాలుగు చిన్న వేళ్లను మడిచే ఫ్లెక్సర్ డిజిటోరమ్ లాంగస్ కాలి లోపలి వైపు ఎముక అంతర్జంఘిక మీద పుడుతుంది. బొటనవేలిని మడిచే ఫ్లెక్సర్ హాలుసిస్ లాంగస్ బయటి వైపు ఎముక బహిర్జంఘిక మీద పుడుతుంది. చూడండి, లోపలి వైపున్న బొటనవేలి కండరం బయట పుడుతుంది, బయటి వేళ్ల కండరం లోపల పుడుతుంది. అందువల్ల వాటి టెండన్లు అరికాలిలో ఒకదాన్నొకటి దాటుకుని పోవాల్సి వస్తుంది. ఆ దాటే చోట రెండింటినీ కలిపే చిన్న పోగులుంటాయి. శస్త్రవైద్యులు దాన్ని హెన్రీ ముడి అంటారు. చివర్లో దాని అవసరం వస్తుంది.

ఈ రెండింటి నడుమ, అన్నిటికన్నా లోతున ఉన్నది టిబియాలిస్ పోస్టీరియర్. ఇది రెండు ఎముకల మీదా, వాటి మధ్య పరచుకున్న పొర మీదా పుడుతుంది. దాని టెండన్ కిందికి దిగి, లోపలి చీలమండ గుబ్బ వెనక గాడిలో మలుపు తిరిగి, పాదం లోపలి అంచున నావిక్యులర్ అనే ఎముకను పట్టుకుంటుంది. అక్కడితో ఆగదు. అరికాలి లోపల పాయలుగా చీలి పాదం నడుమ ఉన్న చిన్న ఎముకలను, మధ్య మూడు వేళ్ల పొడవాటి ఎముకల మొదళ్లను కూడా అందుకుంటుంది. చీలమండ గుబ్బ వెనక వేలు పెట్టి పాదాన్ని లోపలికి తిప్పితే బిగుసుకుని పైకి తేలేది ఈ తాడే. దాని వెనక చిన్న వేళ్ల టెండన్, ఆ వెనక మధుమేహ రోగులకు డాక్టర్లు వేలు పెట్టి చూసే నాడి, ఆ వెనక అరికాలికి స్పర్శనిచ్చే నరం, అన్నిటికన్నా వెనక బొటనవేలి టెండన్ ఉంటాయి. ఇంత ముఖ్యమైన సరంజామా ఇంత ఇరుకు దారిలో పోతుంది. ఆ మలుపు దగ్గరే టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్‌కు రక్త సరఫరా పలచగా ఉంటుంది. పైగా ఆ తాడు పని చేసేటప్పుడు జరిగే దూరం ఒకటి రెండు సెంటీమీటర్లే. కాబట్టి అది పూర్తిగా తెగనక్కర్లేదు. ఒక సెంటీమీటరు సాగినా కండరం ఎంత లాగినా పాదానికి లాగుడు అందదు.

ఇక ఈ కండరం చేసే పని. అడుగు వేసినప్పుడు మడమ నేలను తాకిన క్షణంలో పాదం వదులుగా ఉండి, ఎగుడుదిగుడు నేలకు ఒదగాలి. మడమ పైకి లేచే వేళకు అదే పాదం గట్టిపడి ఒంటి బరువంతా వేళ్ల మొదళ్ల మీదికి పంపాలి. వదులు నుంచి బిగువుకు ఈ మార్పు సెకనులోపు జరగాలి. పాదం లోపలికి వాలుతున్నప్పుడు ఆ వాలును నెమ్మదింపజేసి, తర్వాత మడమను లోపలికి తిప్పి, పాదం నడుమ కీళ్లను బిగించేది ప్రధానంగా టిబియాలిస్ పోస్టీరియర్. ఆ బిగింపు జరిగాకే అకిలిస్ టెండన్ లాగుడు పనికొస్తుంది. బిగింపు లేకపోతే ఆ పెద్ద కండరాల బలం మడమను ఎత్తడానికి బదులు పాదాన్ని నడిమికి వంచడానికి ఖర్చవుతుంది. దీనికి తిరుగులేని రుజువు ఆస్పత్రిలో ఏ యంత్రమూ లేకుండా దొరుకుతుంది. గోడకు వేళ్లు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, మడమ ఎత్తమంటారు. ఆరోగ్యంగా ఉన్న కాలిలో మడమ లోపలికి తిరుగుతూ పైకి లేస్తుంది, వంపు మరింత లోతవుతుంది. టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్ చెడిన మనిషికి పిక్క ఎంత దిట్టంగా ఉన్నా మడమ లేవదు, లేదా సగం లేచి బయటి పక్కకు వాలిపోతుంది. పిక్క కండలో లోపం లేదు, అకిలిస్ తెగలేదు, ఎముక విరగలేదు. లోతు తాడు ఒక్కటే పోయింది. కెన్నెత్ జాన్సన్, డేవిడ్ స్ట్రామ్ 1989లో ఈ జబ్బును దశలుగా విడదీసినప్పుడు ఈ పరీక్షకే పెద్దపీట వేశారు.

దీనికి పాత అభ్యంతరం ఒకటుంది, బలమైనది కూడా. కెనడాకు చెందిన జాన్ బాస్మాజియన్ కండరాల విద్యుత్తును కొలవడంలో పేరున్నవాడు. లోతు కండరాల మాట చర్మం మీద అంటించిన పట్టీలకు వినబడదు కనుక వెంట్రుకంత సన్నని తీగలను సూదితో లోపలికి పంపే పద్ధతిని ఆయన, స్టెకో కలిసి వాడకంలోకి తెచ్చారు. 1963లో వాళ్లు మనుషులను కూర్చోబెట్టి, కాలి మీద బరువు పెంచుతూ పోయి, వంపును పట్టి ఉంచుతాయనుకున్న కండరాలను విన్నారు. టిబియాలిస్ పోస్టీరియర్ కూడా అందులో ఉంది. బరువు 400 పౌండ్లకు, అంటే సుమారు 180 కిలోలకు చేరేదాకా కండరాలు దాదాపు మౌనంగా ఉన్నాయి. వంపును మోసేది ఎముకలూ లిగమెంట్లే, కండరాలు అవసరం పడినప్పుడు వచ్చే రెండో వరస అని వాళ్లు తేల్చారు. అంతకుముందు ఆర్థర్ కీత్ లాంటి శరీర శాస్త్రజ్ఞులు కండరాలే ప్రధానమని వాదించి ఉన్నారు గనుక ఇది పెద్ద దెబ్బ. ఈ ఫలితాన్ని నేను కాదనను. కదలకుండా ఉన్నప్పుడు వంపు తనంతట తాను నిలబడుతుంది, ప్రతి క్షణం కండరం ఖర్చుపెట్టడం శరీరానికి దండగ. అయితే ఆ ప్రయోగం అడిగిన ప్రశ్న నిశ్చలంగా ఉన్న పాదం గురించి. పాదం చదునవడం ఎవరికీ కుర్చీలో కూర్చుని జరగలేదు. నడుస్తున్నవారిలో ఇదే సూదితీగలతో చూస్తే పాదం నేల మీద ఉన్నంతసేపట్లో చాలా భాగం ఈ కండరం పనిచేస్తూ ఉంటుంది. వంపు తక్కువ ఉన్నవారిలో ఇంకా ఎక్కువ పనిచేస్తుంది. అంటే ఎముకల అమరిక తగ్గిన చోట కండరం ఆ లోటును భర్తీ చేస్తోంది. బాస్మాజియన్ సహచరులతో కలిసి తరవాత చేసిన నడక పరిశోధనలు కూడా ఈ దిక్కే చూపించాయి.

రెండో అభ్యంతరం యాంత్రిక శాస్త్రం వైపు నుంచి వస్తుంది. 1987లో రాబర్ట్ కెర్, మెక్‌నీల్ అలెగ్జాండర్ మొదలైనవారు శస్త్రచికిత్సలో తీసేసిన పాదాలను యంత్రంలో పెట్టి నొక్కి చూశారు. వాటిలో కండరం లాగే శక్తి ఏమీ లేదు. అయినా వంపు కుంగి, వదిలితే మళ్లీ లేచింది, పరుగులో శక్తిని దాచి తిరిగివ్వగలనని చూపించింది. 2020లో మధుసూదన్ వెంకటేశన్ బృందం పాదం పొడవునా ఉన్న వంపుకన్నా అడ్డంగా ఉన్న వంపు చేసే మేలును లెక్కగట్టి, పాదం గట్టిదనంలో 40 శాతానికి పైగా దానిదేనని తేల్చింది. ఇంత బలం ఎముకలూ లిగమెంట్లలోనే ఉంటే కండరం మీద ఇంత భారం ఎందుకు మోపాలి? ఇక్కడ ఒకసారి మోయడానికీ, ఏళ్ల తరబడి మోయడానికీ తేడా చూడాలి. నులకమంచం సంగతి తీసుకోండి. కోళ్లూ పట్టెలూ గట్టివే, నులక కూడా గట్టిదే, పడుకున్న రోజే తెగదు. కాళ్లవైపు తాడును ఎవరూ బిగించకపోతే మాత్రం నెలలు గడిచేకొద్దీ మంచం నడిమికి కుంగుతుంది. పాదంలో సరిగ్గా ఈ వరసే కనిపిస్తుంది. మడమ ఎముక నుంచి నావిక్యులర్‌కు పోయే స్ప్రింగ్ లిగమెంట్ వంపుకు ఆధారం. టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్ దానికి ఆనుకునే పోతుంది. టెండన్ చెడ్డ కొత్తలో వాపూ నొప్పీ ఉంటాయి గాని వంపు నిలిచే ఉంటుంది. రోజుకు కొన్ని వేల అడుగుల బరువు కండరం సాయం లేకుండా ఆ లిగమెంట్ మీద పడగా పడగా అది సాగుతుంది, ఆ తరవాతే వంపు కుంగుతుంది. ఎముకలూ లిగమెంట్లే వంపును మోస్తాయన్నవారు చెప్పింది నిజమే. అవి అలా మోయగలిగేలా కాపాడేది కండరం అన్నది నేను చేర్చే మాట. ఇక అడ్డ వంపు సంగతికొస్తే, టిబియాలిస్ పోస్టీరియర్ పాయలు అరికాలిలో అడ్డంగా పరుచుకునేది కూడా ఆ వంపు కిందే.

మూడో అభ్యంతరం నా దృష్టిలో అన్నిటికన్నా పదునైనది, అది మన దక్షిణాది ఆస్పత్రుల్లోంచి వచ్చింది. కుష్ఠువ్యాధిలో మోకాలి పక్కన బహిర్జంఘిక మెడ మీదుగా పోయే నరం దెబ్బతింటే పాదం పైకి లేవదు, వేళ్లు నేలకు రాసుకుంటాయి. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్, ఆయన సహచరులు దీనికి శస్త్రచికిత్సను పెంచి పోషించారు. పనిచేస్తున్న టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్‌ను అరికాలి దగ్గర విడదీసి, కాలి ముందు వైపుకు తెచ్చి పాదం పైభాగాన కడతారు. 1968లో హెచ్. శ్రీనివాసన్ బృందం ఆ టెండన్ చివరను రెండు తోకలుగా చీల్చి కట్టే పద్ధతిని ప్రచురించింది. కుష్ఠు క్రిమి చల్లగా, పైపైన ఉండే చోట నరాలను కొరుకుతుంది. ఈ కండరానికి పోయే నరపు కొమ్మ పిక్క లోతులో వెచ్చగా ఉంటుంది గనుక బతికిపోతుంది. లోతున ఉండటం వల్ల మేలు జరిగిన సందర్భం ఇది. మరి వంపుకు ఆ కండరమే దిక్కయితే, దాన్ని అక్కణ్నుంచి తీసేసిన పాదాలన్నీ చదునైపోవాలి కదా? అలా జరగడం లేదు. ఇదే నరం వేరే కారణాల వల్ల పోయినవారిలోనూ ఈ మార్పిడి చేశాక చదునుపాదం పెద్దగా రాలేదని వైద్యులు రాశారు. వాళ్లే చూపిన కారణం ఏమిటంటే, పాదాన్ని బయటికి లాగే పెరోనియస్ బ్రెవిస్ అనే ప్రత్యర్థి కండరం కూడా అదే నరం మీద ఆధారపడి ఉంది, అది కూడా చచ్చుబడింది. లాగే ఇద్దరూ పోతే పాదం ఎటూ వాలదు. ఒక్క టిబియాలిస్ పోస్టీరియర్ చెడి, ప్రత్యర్థి బలంగా ఉన్నప్పుడే లాగుడు ఏకపక్షమై పాదం బయటికి వాలుతుంది. దీన్ని బట్టి నా మొదటి మాటను కొంత సవరించక తప్పదు. వంపును నిలిపేది ఒక కండరం అనడం కన్నా, ఒక జంట మధ్య సమతూకం అనడం న్యాయం. అయితే పెద్దవయసులో ఆ తూకం చెడేది దాదాపుగా ఒకే వైపు.

చదునుగా ఉన్న ప్రతి పాదమూ జబ్బు పాదమేనని ఎవరూ భయపడనక్కర్లేదు. పసిపిల్లల పాదాలు చదునుగానే కనబడతాయి, వంపు పదేళ్లలోపు క్రమంగా తేలుతుంది. కొందరికి జీవితమంతా చదునుగానే ఉండి ఏ బాధా ఉండదు. కెనడా సైనికుల పాదాలను పరిశీలించి 1947లో నివేదిక ఇచ్చిన హారిస్, బీత్ సులువుగా కదిలే చదునుపాదం నిరపాయమని చెప్పారు. మన సాయుధ దళాల వైద్య ప్రమాణాల్లో కూడా మునివేళ్ల మీద నిలబడినప్పుడు వంపు తిరిగి కనబడి, పాదం నొప్పి లేకుండా సులువుగా కదులుతుంటే తీసుకోవచ్చని ఉంటుంది. భర్తీకి పోయే కుర్రాళ్లు నేల మీద తడి అడుగు చూసుకుని దిగులు పడుతుంటారు గాని, అక్కడ పరీక్షించేది ఆ అచ్చును మాత్రమే అనుకోవడం సరికాదు, దాని వెనకున్న కండరం పనిని కూడా. మణిపాల్ వైద్య కళాశాలకు చెందిన ఉదయభాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ 1992లో 2300 మంది పిల్లల అడుగుల అచ్చులు చూసి, పాదరక్షలు వాడేవారిలో 8.6 శాతం మందికి, వాడనివారిలో 2.8 శాతం మందికి చదునుపాదం ఉందని ప్రచురించారు. మూసుకుపోయిన బూట్లు వాడేవారిలో అది మరీ ఎక్కువ, చెప్పులు వాడేవారిలో తక్కువ. ఉత్తకాళ్లతో తిరిగినప్పుడు వేళ్లు నేలను పట్టుకుంటాయి, లోతు కండరాలకూ అరికాలిలోని చిన్న కండరాలకూ పని దొరుకుతుంది అన్న వివరణ నాకు సబబుగా తోస్తుంది. కానీ అది వివరణే. అచ్చులు కండరాన్ని కొలవలేదు. మధుమేహం ఉన్నవారు ఈ అంకెలు విని చెప్పులు వదిలేయడం మాత్రం ప్రమాదం. స్పర్శ తగ్గిన అరికాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

చికిత్స మాటకొస్తే, మెత్తలను తీసిపారేయమని నేనడం లేదు. లోపలి అంచును ఎత్తి పట్టే మెత్త సాగుతున్న టెండన్ మీద భారం తగ్గిస్తుంది. అది కండరానికి బలం ఇవ్వదు, అంతే తేడా. అమెరికాలో కర్నీలియా కులిగ్ బృందం 2009లో ప్రచురించిన తులనాత్మక పరీక్షలో మెత్తలు మాత్రమే వాడినవారికన్నా, వాటితో పాటు పాదాన్ని లోపలికి తిప్పి, లాగుడుకు ఎదురొడ్డి నెమ్మదిగా వదిలే వ్యాయామం చేసినవారు ఎక్కువ కోలుకున్నారు. నొప్పి ఉన్న టెండన్‌కు విశ్రాంతే మందు అనే అభిప్రాయానికి ఇది జవాబు. అయితే ఈ వ్యాయామం కుంగిన వంపు ఇంకా తిరిగి రాగలిగే దశలోనే, అనుభవమున్న ఫిజియోథెరపిస్టు చూపించగా చేయాలి. బెణుకు అనుకున్న లోపలి చీలమండ వాపు మూడు నాలుగు వారాలకు తగ్గకపోతే ఒంటికాలి మీద మడమ ఎత్తే పరీక్ష చేయించుకోవడం మంచిది. వయసు మీదపడినవారు పక్కన మనిషి ఉండగానే ఆ పని చేయాలి.

టెండన్ పూర్తిగా సాగిపోతే శస్త్రవైద్యుడు పక్కనే ఉన్న చిన్న వేళ్ల టెండన్‌ను తెచ్చి నావిక్యులర్‌కు కడతాడు. చిన్న వేళ్లు మడవడం ఆగిపోతుందేమోనని రోగులు అడుగుతారు. హెన్రీ ముడి దగ్గరి పోగుల ద్వారా బొటనవేలి కండరం వాటికి కొంత సాయం అందిస్తుంది గనుక నడకలో ఆ లోటు పెద్దగా తెలియదు. కానీ తెచ్చిన కండరానికి బలం అసలు దానిలో మూడో వంతు కూడా లేదు. అందుకే దాన్ని ఒంటరిగా వదలరు. మడమ ఎముకను కోసి లోపలి వైపుకు జరిపి బిగిస్తారు, అకిలిస్ లాగుడు కూడా వంపుకు అనుకూలంగా మళ్లుతుంది. ఎముకలదే రాజ్యం అన్నవారూ కండరాలదే రాజ్యం అన్నవారూ ఈ ఒక్క ఆపరేషన్‌లో కలిసి కూర్చోవలసి వచ్చింది. ఇదంతా పాదం ఇంకా మెత్తగా కదులుతున్నంత వరకే. ఏళ్లు గడిచి కీళ్లు గడ్డకట్టాక ఏ కండరాన్ని తెచ్చినా, ఏ వ్యాయామం చేసినా ప్రయోజనం లేదు. అప్పుడు మిగిలేది నొప్పి తగ్గించడానికి ఆ కీళ్లను స్క్రూలతో కలిపి కదలకుండా బిగించడం.